సంపు మూత

"మీరొదిలిన నీళ్ళకే నా చేపలు చచ్చాయి!" అని నిన్న వీధంతా వినేలా అరిచాను. మా వీధికి నీళ్ళు వదిలే అబ్దుల్ హమీద్ గారు గేటు దగ్గర తల వంచుకుని నిలబడ్డారు. తప్పు ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

తిరువూరులో సముద్రపు చేపలేంటని అందరూ నవ్వినా, మా ఇంటి కుళాయి నీళ్ళలో ఉప్పు కలిపి ఏడాదిగా పెంచాను. నిన్న అవి చచ్చాక మా కుళాయి నీళ్ళలో పరీక్ష చుక్కలు వేస్తే ఆకుపచ్చగా మారాయి. అంటే అమ్మోనియా.

ఈ ఉదయం ఆయన వీధి కుళాయి నీళ్ళు సీసాలో పట్టుకొచ్చారు.

"ఇవి కూడా చూడండి బాబూ."

చుక్కలు వేశాను. నీళ్ళు పసుపుగానే ఉన్నాయి, ఆకుపచ్చగా మారలేదు. అమ్మోనియా లేదు.

ఆయన గేటు పక్కనున్న మా సంపు వైపు చూపించారు; మా ఇంటి కుళాయిలోకి నీళ్ళొచ్చేది అందులోంచే. పొలానికని తెచ్చిన యూరియా బస్తాని మూత మీద పెట్టింది నేనే. అది వానకి తడిసి, అడుగు చిరిగి, సందులోంచి లోపలికి కారుతోంది. యూరియా నీళ్ళలో కలిస్తే అమ్మోనియాగా మారుతుంది.

"నిన్ననే చూశాను బాబూ."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

ఆయన సీసాలో నీళ్ళు పారబోశారు.

"వీధిలో వాళ్ళంతా ఉన్నారు కదండీ."