డిక్టేషన్‌లో సున్నా

మానసకు తెలుగు డిక్టేషన్‌లో సున్నా వచ్చింది.

టీచరు "కొండ" అంటే "బండ" అని రాసింది. "పాలు" అంటే "కాలు" అని రాసింది.

నాలుగో తరగతి పిల్లలంతా పకపకా నవ్వారు. నాచారంలోని ఆ ప్రైవేటు బడికి కొత్తగా వచ్చిన ఉదయశ్రీ టీచరు నవ్వలేదు, కోప్పడలేదు.

మర్నాడు టీచరు మానస ఎదురుగా నిలబడి అవే మాటలు మళ్ళీ చెప్పింది. మానస అన్నీ సరిగ్గా రాసింది.

టీచరు పుస్తకం తీసి నోటికి అడ్డం పెట్టుకుని ఇంకో మాట చెప్పింది.

మానస పెన్సిలు కదల్లేదు. దొంగచాటుగా పక్కపిల్ల కాగితం వైపు చూసింది.

"ఒకసారి వచ్చి కలవండి" అని టీచరు డైరీలో రాసి పంపింది.

మానస తండ్రి బాలరాజు మందుల కంపెనీలో షిఫ్టు దిగి, యూనిఫాంతోనే వచ్చాడు.

"ఏం జేసింది మా పిల్ల?"

"ఏం చేయలేదండీ. తనకి సరిగ్గా వినపడటం లేదు. చెవి డాక్టరుకి చూపించండి."

బాలరాజు ప్రిన్సిపాల్ విజయభాస్కర్ వైపు తిరిగాడు.

"సార్, యూనిట్ టెస్టుల మా బిడ్డకు ఎన్నో ర్యాంకు?"

"సెకండ్ ర్యాంకు."

"సెవిటిదానికి సెకండ్ ర్యాంకొస్తదా?"

"వస్తుందండీ," అంది ఉదయశ్రీ. "బోర్డు మీదది ఎక్కించుకుని, బట్టీపట్టి రాస్తోంది. రాతపరీక్షలో ఎంత గుర్తుందో తెలుస్తుంది. నోటితో అడిగితేనే ఎక్కడ ఆగిపోతోందో తెలుస్తుంది. మాట్లాడుతుంటే తను నా కళ్ళలోకి చూడదండీ, పెదాలు చూస్తుంది. చెవిలోంచి చీము కూడా..."

"చలికాలం చీము గారుడు మామూలే. నూనె పోస్తున్నం. నువ్వేమన్న డాక్టరువా? నీకెట్ల ఎర్క?"

ఉదయశ్రీ ఏదో చెప్పబోయి ఆగిపోయింది. అతని ముఖంలోకే చూస్తూ నిలబడింది.

"గట్ల గుడ్లప్పగించి సూస్తదేంది సార్ ఈమె! మంచిగున్న పిల్లకు సెవుడని పేరు పెడితే రేపు దాని గతేంది?"

"టీచర్," అన్నాడు విజయభాస్కర్, "సిలబస్ అవగొట్టండి, పేపర్లు దిద్దండి, మార్కులు వేయండి. ఈ నోటి పరీక్షలు చాలించండి."

ఆమె చాలించలేదు.

మానసను ముందు బెంచీలోకి మార్చింది. రోజూ ఒక్కొక్కరినీ లేపి, తనవైపు తిరిగి పాఠం సొంతమాటల్లో చెప్పమనేది. ఎక్కడ తడబడితే అక్కడ మళ్ళీ చెప్పేది. వాటికి మార్కులు వేసేది కాదు.

మానస డైరీలో మాత్రం మళ్ళీ మళ్ళీ రాసేది: "డాక్టరుకి చూపించారా?"

ఈసారి బాలరాజు మరికొందరు తల్లిదండ్రులను వెంటబెట్టుకొచ్చాడు.

"మార్కుల్లేని పరీక్షలేంది సార్? గిందుకేనా మేం ఫీజులు గట్టేది?"

ఆ వారంలోనే ఉదయశ్రీని తీసేశారు.

వెళ్ళేముందు ఆమె మానస గడ్డం పట్టుకుని, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"వినపడకపోతే వినపడలేదని చెప్పు. సిగ్గుపడకు."

మానస తల ఊపింది. ఇంట్లో మాత్రం చెప్పలేదు. నాన్నకు కోపం వస్తుందని భయం.

ఏడాది చివరి పరీక్షల్లో మానసకు ఫస్ట్ ర్యాంకు వచ్చింది. బాలరాజు కంపెనీలో స్వీట్లు పంచాడు.

వేసవిలో పిల్లకు జ్వరం పట్టుకుంది. నడుస్తుంటే తూలేది.

క్లినిక్‌కి తీసుకెళ్తుంటే, ఉప్పల్ చౌరస్తాలో వెనకనుంచి బస్సు హారన్ మోగించింది. మానస పక్కకు జరగలేదు. బాలరాజు రెక్కపట్టి లాగకపోతే చక్రాల కింద పడేది.

అతను పిల్లను రోడ్డు పక్కకు తెచ్చాడు. పిల్ల వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

"మానసా!"

మళ్ళీ పిలిచాడు. గొంతు చించుకుని అరిచాడు.

రోడ్డు మీది జనమంతా తిరిగి చూశారు. మానస చూడలేదు.

"చీము లోపలి ఎముకల్ని తినేసింది," అంది పెద్ద దవాఖానాలో డాక్టరమ్మ. "ఆపరేషన్ చేస్తే ప్రాణానికి భయం లేదు. వినికిడి మాత్రం రాదు."

"రెండు సెవులా మేడం?"

"రెండూ. చలికాలంలో తెచ్చినా ఒకటి మిగిలేది."

పిల్ల తల కట్టు విప్పాక, బాలరాజు బడి ఆయాను అడిగి ఉదయశ్రీ ఇల్లు తెలుసుకున్నాడు. మల్లాపూర్ సందులో ఒక అద్దెగది. ఆమె తండ్రి నరసింహమూర్తి తలుపు తీశాడు.

"నేను మానస నాయినను. టీచరమ్మ బడికి పోయిందా?"

"ఆ తర్వాత ఏ బడిలోనూ కుదరలేదు బాబూ. అట్టపెట్టెల ఫ్యాక్టరీకి వెళ్తోంది. ఇవాళ సెలవు. అదిగో, పంపు దగ్గరుంది."

ఉదయశ్రీ అటు తిరిగి కూర్చుని బట్టలు ఉతుకుతోంది.

బాలరాజు గుమ్మంలోనే చేతులు జోడించాడు.

"తప్పైందమ్మా. నీ మాట ఇనలే."

ఆమె తిరగలేదు.

"నా బిడ్డ సెవులు నేనే పోగొట్టిన. ఇంక దానికి సదువెట్ల జెప్పాల్నో నువ్వే సెప్పాలె."

ఆమె చీర పిండి, బకెట్లో వేసింది.

బాలరాజు అక్కడే కూలబడ్డాడు. "నాతోని మాట్లాడదా పెద్దాయనా? ఇంకా కోపం పోలేదా?"

నరసింహమూర్తి అతని భుజం పట్టి లేపాడు.

"కోపం కాదు బాబూ. చెబితే బళ్ళో ఉద్యోగం ఇవ్వరని తను దాచిపెట్టింది. నువ్వు ఎదురుగా వెళ్ళి, పెదాలు కనపడేలా చెప్పు... మా అమ్మాయికి చిన్నప్పటినుంచీ చెవులు వినపడవు."