సైకిలెక్కిన అనుమానం

సైకిలు తొక్కడానికి పోయే మనిషికి సెంటెందుకు?

సరోజిని పక్క మీదే పడుకుని వాసన పసిగట్టింది. హాల్లో రఘునందన్ కూనిరాగం తీస్తూ బూట్లు వేసుకుంటున్నాడు. లిఫ్టు చెడిపోతే రెండో అంతస్తు ఎక్కడానికే ఆపసోపాలు పడే మనిషి, యాభై దాటాక సైకిలు కొన్నాడు. అప్పట్నుంచీ తెల్లవారేసరికల్లా పెళ్ళికొడుకులా తయారవుతున్నాడు.

"ఎటు వెళ్తున్నారు?" గదిలోంచే అడిగింది.

"అలా తిరిగొస్తా. ఎటని ఏముంది?"

"ఒక్కరేనా?"

"ఎవరో ఒకరు తోడొస్తార్లే. నువ్వు పడుకో."

ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో నవ్వు వినిపించింది. వీధి తలుపు మూసిన చప్పుడైంది.

అక్క పోయిన దగ్గర్నుంచి సరోజిని గడప దాటడం మానేసింది. పాలు, కూరలు అన్నీ ఫోన్‌లోనే. కిటికీ తెరలు కూడా తీసేది కాదు. మొదట్లో రఘునందన్ చాలా బతిమాలాడు. పార్కుకు రమ్మన్నాడు, గుడికి రమ్మన్నాడు. ఆమె గోడ వైపు తిరిగి పడుకునేది. తర్వాత అడగడమే మానేసి సైకిలు కొనుక్కున్నాడు. ఇంట్లో ఏడుపు మొహం చూడలేక, బయట నవ్వు మొహం వెతుక్కున్నాడా?

సాయంత్రం అతనికి ఫోనొచ్చింది. బాల్కనీలోకి వెళ్ళాడు కానీ, గొంతు మాత్రం తగ్గించలేదు.

"అచ్ఛా, ఠీక్ హై భావనాజీ. కల్ సుబహ్ మిల్తే హైఁ." రేపు పొద్దున కలుద్దామంటున్నాడు.

"ఎవరా భావన?"

"మా సైకిలు గ్రూపులో ఉంటుంది. ఎంత బాగా తొక్కుతుందో!" అని, తన టీషర్టు తనే ఇస్త్రీ చేసుకోవడం మొదలుపెట్టాడు.

మర్నాడు సరోజిని చెప్పులు తొడుక్కుని అతని వెనకే దిగింది. ఎన్నాళ్ళకో ఒంటి మీద ఎండ పడి చురుక్కుమంది. ఆమె సొసైటీ గేటు చేరేసరికి అతను మెట్రో స్తంభాల అవతల మలుపు తిరిగిపోయాడు. ఆ మర్నాడు ఈ-రిక్షా ఎక్కింది. రఘునందన్ పార్కు పక్క సైకిళ్ళ దారిలోకి దూరిపోయాడు.

"ఇస్ కే ఆగే నహీ జాయేగా, మేడమ్" అని, ఇక ముందుకు పోదని ఆపేశాడు రిక్షావాడు.

దూరంగా అతని పక్కన ఎర్ర హెల్మెట్ ఒకటి కదిలిపోవడం మాత్రం కనిపించింది.

తిరిగొస్తుంటే లిఫ్టు దగ్గర పైఫ్లాట్ ప్రవల్లిక ఎదురైంది. వరంగల్ పిల్ల, గురుగ్రామ్‌లో ఉద్యోగం.

"ఆంటీ! మీరేనా? ఎన్ని దినాలైంది మిమ్మల్ని చూసి!"

"ప్రవల్లికా, ఈ వయసులో సైకిలు వస్తుందంటావా?"

"ఎందుకు రాదు? నేను నేర్పిస్త కద!" ఎందుకని మాత్రం అడగలేదు.

కూతురు అక్షర పుణె వెళ్తూ వదిలేసిన సైకిలు బేస్‌మెంట్‌లో ఉంది. దుమ్ము కూడా లేదు, టైర్ల నిండా గాలి ఉంది. అదృష్టం అనుకుంది సరోజిని.

"చక్రం దిక్కు చూడొద్దు ఆంటీ, ముందటికి చూడండి!" అని ప్రవల్లిక వెనక పరుగెత్తేది. సరోజిని పడింది, లేచింది, మళ్ళీ పడింది. మోకాలు చెక్కుకుపోయింది.

"కాలికేమైంది?" భోజనాల దగ్గర అడిగాడు రఘునందన్.

"మంచం కోడు తగిలింది."

అతను కంచంలోకి తలవంచుకున్నాడు. ఇంకో మాట అడగలేదు. అడిగేపాటి ప్రేమ కూడా పోయిందన్నమాట.

సైకిలు మీద చెయ్యి కుదిరాక, మొహానికి మాస్కు, తలకు టోపీ పెట్టుకుని అతని వెంట పడింది. అతను పచ్చలైటు పడ్డా కదలకుండా సిగ్నళ్ళ దగ్గర ఆగి ఫోను చూసుకునేవాడు. ఎవరి కోసమో ఎదురుచూస్తున్నాడు! పళ్ళు నూరుకుంటూ తొక్కింది. రోజూ నిన్నటికంటే కొంచెం దూరం పోయేవాడు. ఆమె ఆయాసపడుతూనే వెనకాల పోయేది. దారి పొడుగునా బూరుగు చెట్లు ఎర్రగా పూశాయి. విమానాలు నెత్తి మీదే దిగుతున్నట్టు వెళ్ళేవి. ఒకరోజు ఏటవాలులో గాలి మొహానికి కొడుతుంటే సరోజినికి నవ్వొచ్చింది. కాపురం కూలిపోతుంటే ఈ నవ్వేమిటని తన్ను తనే తిట్టుకుంది. ఇంటికొచ్చి రెండోసారి ఉప్మా పెట్టుకు తింది.

ఆ ఆదివారం అతను టీ బండి దగ్గర ఆగాడు. పక్కన ఎర్ర హెల్మెట్. ఇవాళ అటో ఇటో తేలిపోవాలనుకుని సరోజిని నేరుగా వాళ్ళ మీదికే పోనిచ్చింది.

హెల్మెట్ తీసిన మనిషి జుట్టు ముగ్గుబుట్టలా ఉంది. అరవై అయిదేళ్ళకు తక్కువుండవు. ఆవిడ సరోజినిని చూసి నవ్వింది. భుజం తట్టి, "మై చల్తీ హూఁ" అని సైకిలెక్కి వెళ్ళిపోయింది.

సరోజిని మాస్కు కిందికి లాగింది. చెమటకు జుట్టంతా నుదుటికి అతుక్కుపోయింది. ఎండకు మొహం ఎర్రబడింది. రఘునందన్ ఉలిక్కిపడలేదు. ఆ మొహాన్నే చూస్తూ నిలబడ్డాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆవిడ కోసం కాకపోతే మరెందుకు?" అడిగింది సరోజిని. "ఈ వయసులో మీకు సైకిలెందుకండీ?"

"నువ్వు వెంటపడతావని, సరూ."