ఏడాదికి పదిహేను లక్షలు

ఆ ఉదయానికి షావుకారు దగ్గర మిగిలిన సరుకల్లా ఒక్క ఫోన్ నంబరు.

మూడు వారాల కిందట ముప్పై నంబర్లతో మొదలుపెట్టాడు. చేతిపనులు నేర్పే ఆ కాలేజీలో వెల్డింగ్ పూర్తిచేసి బయటికెళ్ళిన ముప్పై మందికీ ఫోన్ చేసి, మొదటి ఏడాది ఎవరెంత సంపాదించారో కనుక్కోవడం అతని పని. సగటున తలకు రెండు లక్షల నలభై వేలు తేలితే కోర్సు ఉంటుంది. తేలకపోతే ఇప్పుడు నేర్చుకుంటున్న పిల్లల్ని మధ్యలోనే ఇంటికి పంపి మూసేస్తారు. ఆ పిల్లల్లో అతని కొడుకొకడు. దుకాణం అమ్మగా చేతికొచ్చినదాంట్లో ముప్పాతిక మూడువంతులు వాడి ఫీజుకే పోయింది. కోర్సు మూతపడితే ఆ పెట్టుబడి గంగలో కలిసినట్టే.

ఇరవై ఏళ్ళు ఎలక్ట్రికల్ సామాన్లు అమ్మినవాడు కనక కాలేజీలో అందరికీ అతను షావుకారే. అతనికి ముందు ఈ పని చేసిన గుమాస్తా పొద్దున్న పదింటికి ఫోన్లు చేసేవాడు. ఆ వేళప్పుడు తీరిగ్గా ఫోనెత్తేది పని దొరకనివాళ్ళే. పనిలో ఉన్నవాడి ముఖానికి ముసుగు, చేతులకి తొడుగులు, ఫోను ఎక్కడో సంచిలో. ఎత్తనివాడికి సున్నా వెయ్యాలని నియమం. అలా నిరుడు నాలుగు డబ్బులు సంపాదిస్తున్నవాళ్ళంతా సున్నాలైపోయారు, కోర్సుకి ఈ ఏడాదే ఆఖరి అవకాశమన్నారు. షావుకారుకి ఏ వేళకి ఏ గిరాకీ వస్తుందో తెలుసు. భోజనాల వేళ చూసి చేశాడు. ముద్ద నములుతూనే ఒక్కొక్కరూ లెక్క చెప్పారు.

ఇరవై తొమ్మిది మందీ దొరికారు. అయినా అందరిదీ కలిపి అరవై లక్షలు. కావలసింది డెబ్బై రెండు.

ఆ సంగతి వెల్డింగ్ మాస్టారికి చెప్పాడు. మిగిలినవాడొక్కడూ పన్నెండు లక్షలు సంపాదించి ఉంటే తప్ప గట్టెక్కలేమన్నాడు.

మాస్టారు నంబరు వైపు చూశాడు. "వాడికి సున్నా వేసుకోండి. ఫోను చెయ్యక్కర్లేదు."

"మీ ఉద్యోగం కూడా పోతుందండీ."

"పోనీండి."

షావుకారుకి ఒళ్ళు మండింది. చేతిలో పనున్న మనిషి, ఇది కాకపోతే ఇంకో చోట బతుకుతాడు. నష్టం ఎవరికి? మాస్టారు వర్క్‌షాపులోకి వెళ్ళేదాకా ఆగి, ఆ నంబరుకి చేశాడు.

ఎత్తింది కుర్రాడి తండ్రి. కాలేజీ నుంచి అనగానే ఆయన గొంతు తగ్గింది. కోర్సు కాగానే కొడుకు ఓడలు బాగుచేసే కంపెనీలో చేరాడని చెప్పాడు. అడగవలసిన ప్రశ్నలు ప్రిన్సిపాల్ ముందే రాసిచ్చాడు, అవి దాటి ఒక్క మాట కూడా అడగొద్దన్నాడు.

"మొదటి ఏడాదిలో కంపెనీ నుంచి మొత్తం ఎంత వచ్చిందండీ?"

"అంతా కలిపా?"

"అంతా కలిపే."

"పదిహేను లక్షలు."

షావుకారు మళ్ళీ అడిగాడు. ఆయన మళ్ళీ అదే చెప్పాడు. కాగితంలో చివరి ప్రశ్నగా, ఇప్పుడూ అక్కడే చేస్తున్నాడా అని అడిగితే, "లేదు బాబూ. ఇంక వాడు పనికి వెళ్ళడు," అన్నాడు.

ఏడాది కష్టపడి, చాలినంత వెనకేసుకుని మానుకున్నాడన్నమాట. బేరం తెలిసిన కుర్రాడు అనుకున్నాడు షావుకారు. ఇరవై ఏళ్ళు గల్లాపెట్టె ముందు కూర్చుని తను మిగుల్చుకున్నది అందులో సగం లేదు.

సగటు రెండున్నర లక్షలకి లేచింది. ప్రిన్సిపాల్ గది దాటి వచ్చి మరీ షావుకారు చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ కుర్రాడి ఫోటో పెద్దది చేయించి, కింద 'ఏడాదికి పదిహేను లక్షలు' అని రాయించి గేటు మీద పెట్టిద్దామన్నాడు. ఫోటో తెప్పించే పని కూడా షావుకారుకే అప్పగించాడు.

కబురు విన్న మాస్టారు ముఖంలో రవ్వంత సంతోషం లేదు. షావుకారుని పక్కకి పిలిచాడు.

"మీవాణ్ణి వెల్డింగ్ లోంచి మార్పించెయ్యండి. వడ్రంగంలో సీట్లున్నాయి. నేను మాట్లాడతాను."

"కోర్సు నిలబడింది కదండీ. ఇంకా మార్చడం ఎందుకు?"

"నిలబడింది కనకే చెప్తున్నా."

ఇంకేదో అనబోయి, ప్రిన్సిపాల్ గది వైపు చూసి, ఊరుకున్నాడు. శిష్యుడు తన జీతానికి నాలుగింతలు తెచ్చుకున్నాడని కడుపుమంట కాబోలని షావుకారు సరిపెట్టుకున్నాడు. రాత్రి ఇంట్లో భార్యకి అలాగే చెప్పాడు. ఆమె మాత్రం అన్నం వడ్డిస్తూ, అంత చదువు చెప్పిన మనిషి ఊరికే అనడే అంది. పక్కనే తింటున్న కొడుకు ఆ కంపెనీ పేరు రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు.

మర్నాడు భోజనాల వేళ షావుకారు మళ్ళీ ఆ పెద్దాయనకి ఫోన్ చేశాడు. ఫోటో సంగతి చెప్పాడు. గేటు మీద పెడతారని, వచ్చేపోయే పిల్లలంతా చూస్తారని చెప్పాడు. ఆయన ఊఁ అనలేదు, ఉహుఁ అనలేదు. వింటున్నాడనుకుని షావుకారు తన బేరం కూడా బయటపెట్టాడు.

"నా స్వార్థమే అనుకోండి పెద్దాయనా. మావాడూ అదే కోర్సులో ఉన్నాడు. మీవాడు మానేసిన చోటు ఖాళీగానే ఉంటే, కంపెనీ వాళ్ళకి ఒక మాట చెప్పి ఇప్పించండి. మీవాడికి వచ్చినంతా మావాడికీ వస్తే, అంతకంటే ఏం కావాలి నాకు?"

 

"మాస్టారు మీకు చెప్పలేదా?" అన్నాడు పెద్దాయన. "ఆ రోజు మా ఇంటికి ఆయనొక్కరే వచ్చారు. అలా కోరుకోకు బాబూ."

షావుకారు ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నాడు.

"ఆ పదిహేను లక్షలు పనిలో వాడి ప్రాణం పోయినందుకిచ్చారు."