కాగితంలో చివరి మాట

"ఈ చివరి మాటకి అర్థమేంటి నాయనా?" అంటూ ఆమె లిఫ్టు నడిపే మనిషి ముందు కాగితం పెట్టింది.

పొద్దున పెద్ద డాక్టరు రాసిచ్చిన కాగితం అది. ఐదో అంతస్తులో పదకొండు రోజులుగా ఆమె తమ్ముడు కళ్లు తెరవకుండా పడి ఉన్నాడు. తల్లి పోయాక ఆమె పెంచిన తమ్ముడు. కాగితంలో అతని గురించి ఉన్నవి రెండే ముక్కలు: కంఫర్ట్ ఓన్లీ.

లిఫ్టతను కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పట్టుకుని చూశాడు.

"కంఫర్ట్ అంటే హాయి. ఓన్లీ అంటే మాత్రమే."

"అలా విడివిడిగా చెబితే ఎలా? ఏదైనా వాక్యంలో పెట్టి చూపించు."

"ఇదిగో, లిఫ్టులో రాసుందిగా, సిక్స్ పర్సన్స్ ఓన్లీ అని. రోజూ ఎనిమిదిమంది ఎక్కి తొక్కుకుంటారు. ఏమైంది? ఏమీ కాలేదు!"

"అయితే దాన్ని మరీ పట్టించుకోనక్కర్లేదంటావు?"

"అబ్బే, అస్సలు అక్కర్లేదు."

ఆమెకి ప్రాణం కాస్త లేచొచ్చింది. అయినా ఇంకొకరిని అడగాలనిపించింది. మందుల షాపు దగ్గరికి నడిచింది.

"చదువుకున్నవాడివి, నువ్వు చెప్పు బాబూ."

షాపతను కాగితం చూశాడు. ఆమె మొహం చూశాడు. సర్దిన మాత్రల అట్టలే మళ్లీ సర్దాడు.

"ఈ తలుపు మీద స్టాఫ్ ఓన్లీ అని ఉంది కదండీ. నిన్న మీకు కళ్లు తిరిగితే లోపలే కూచోబెట్టి మంచినీళ్లిచ్చాను."

"అంటే, అవసరమైతే తలుపు తీస్తారన్నమాట!"

"తీస్తారండీ," అన్నాడు తల దించుకునే.

ఆమె గబగబా పైకి వెళ్లింది. నర్సు సెలైన్ సీసా విప్పి పక్కన పెడుతోంది. కొత్తది తగిలించడం లేదు.

"ఈ మాటకి అర్థమేంటమ్మా?"

నర్సుకి అబద్ధం చెప్పడం చేతకాలేదు.

"ఇంక వైద్యం చెయ్యరమ్మా. నొప్పి తెలీకుండా చూస్తాం. అంతే."

"మరి ఓన్లీ?"

"నేను 'అంతే' అన్నానే, అదేనమ్మా."

ఆమె తమ్ముడి పాదాల మీదికి దుప్పటి లాగింది. ఏడుపు ఆగలేదు.

"సరిగ్గా చెప్పావు తల్లీ," అంది.

"అయ్యో, మీకు ఇంగ్లీషు రాదని తెలిస్తే పొద్దున్నే చెప్పేదాన్ని కదమ్మా!" అంటూ నర్సు నొచ్చుకుంది.

ముప్పై రెండేళ్లు ఆమె బడిలో చెప్పింది ఇంగ్లీషే.