ఫాస్ఫేటు జోస్యం

“బిడ్డకి తల్లివి నువ్వేగా?” అన్నాడు డాక్టర్ ధనరాజ్, పసివాడి వైపు కాక కంప్యూటరు వైపు చూస్తూ.

“నానే బాబూ,” అంది తలుపులమ్మ గట్టిగా.

అనకాపల్లిలోని ఆ ఆసుపత్రికి కొత్తగా వచ్చిన కంప్యూటరంటే ధనరాజ్‌కి వల్లమాలిన ముద్దు. తల్లి వివరాలు మేపితే చాలు, నెల తక్కువ బిడ్డకి పాలు మొదలెట్టాక ఒంట్లో ఫాస్ఫేటు పడిపోతుందో లేదో ముందే చెప్పేస్తుంది. పడిపోతే బిడ్డ ఊపిరి తీయలేక సోలిపోతాడు. పూడిమడక నుంచి పొద్దున్నే తెచ్చిన ఈ పిడికెడు పసివాడి కాన్పు కాగితాలు హడావిడిలో ఇంటి దగ్గరే ఉండిపోయాయి.

“బీపీ ఉందా?”

“నాకా? ఏటి బాబూ, ఎటకారమా?”

“కడుపుతో ఉన్నప్పుడు సరిగ్గా తిన్నావా?”

“తిన్నాను, సేపల గంపా మోసేను.”

“పిల్లలు?”

“ఈడితో ముగ్గురు. పెద్దోలిద్దరూ గుండ్రాళ్లు.”

నిన్న కాన్పయిన మనిషి ఇవాళ గొంతుక్కూర్చుని కబుర్లు చెబుతోంది. సముద్రం వాళ్ల ఒళ్లే వేరు అనుకున్నాడు ధనరాజ్. అంత చదువు చదివింది ఈమాత్రం కనిపెట్టడానికే కదా!

“గుమ్మంలో ఆ కాళ్లు వాచిన పిల్ల ఎవరు?”

“మా తోటికోడలు ఇందు.”

“ఇంటికి పంపెయ్. ఇదేమైనా తిరునాళ్లా? నీ కొంగుకి ఆ తవుడేమిటి? బయటికెళ్లి దులుపుకో.”

కంప్యూటరు ‘భయం లేదు’ అంది.

“ఓసారి రక్తం తీసి చూద్దామా సార్?” అంది నర్సు శ్రీదేవి.

“జాతకం ఇంత దివ్యంగా ఉంటే సూదెందుకమ్మా?” అని పాలు మొదలుపెట్టించాడు.

మర్నాటి సాయంత్రానికి పసివాడు వడలిపోయాడు. ఊపిరికి గొట్టం వేశారు. అప్పుడు తీసిన రక్తంలో ఫాస్ఫేటు అడుగంటి ఉంది. సెలైన్‌లో ఫాస్ఫేటు ఎక్కించాడు ధనరాజ్. పసివాడు దక్కుతాడో లేదోనని నిజంగానే భయమేసింది. ఆ భయాన్నంతా పద్ధతి ప్రకారం తలుపులమ్మ మీద దించాడు.

“నా కంప్యూటరు తప్పు చెప్పదు! నువ్వే అబద్ధాలాడావు!”

“అమ్మోరి తోడు, నా గురించి అడిగినయ్యన్నిటికీ నిజాలే సెప్పేను,” తలుపులమ్మ బావురుమంది.

“మరి బిడ్డకిలా ఎందుకైంది?”

“ఇందూకి పుట్టినోళ్లు దక్కట్లేదని, ఈడు పుట్టగానే మా ఆనవాయితీ పెకారం తవుడిచ్చి నాను కొనుక్కున్నాను బాబూ.”