పీఠిక వెనకాల

ఇనపరాడ్డు మోకాలి మీద పడింది. సుకుమార్ పెట్టిన కేక మూతపడ్డ రైస్‌మిల్లు గోడౌనంతా మార్మోగింది.

“వీడియో ఎక్కడ రా?” అన్నాడు దొరబాబు.

కొవ్వూరు ఇసుక ర్యాంపులో తన లారీలకి అడ్డం పడుకున్న బుల్లియ్యని దొరబాబే నరికేశాడు. సాక్షి లేడు. కేసు కదల్లేదు. తీరా ఇప్పుడు, ఆ నరకడం ఎవరో వీడియో తీశారనీ, అది బుల్లియ్య అన్న సుకుమార్ దగ్గరుందనీ టీకొట్లలో ఒకటే మాట. అది బయటపడితే దొరబాబుకి ఉరే.

“రెండో మోకాలు కూడా తియ్యమంటావా?”

“తియ్యండి. ఎలాగూ ఒక్కదాంతో నడవలేను గదండీ.”

ఈసారి దవడ మీద. రెండు పళ్లు ఊకలో పడ్డాయి. సుకుమార్ నీరుగారిపోయాడు.

“మెమరీ కార్డు... పీఠిక వెనకాల పెట్టానండి.”

“పీఠికేంట్రా?”

“బస్టాండ్ సెంటర్లో కొత్త రాజ్యాంగ స్తూపం లేదండీ? దాని మీద రాజ్యాంగం ముందుమాట చెక్కిన నల్లరాయి. బిగించింది నేనేనండి.”

రేపే ఆవిష్కరణ. ఇవాళ మధ్యాహ్నం నుంచే పోలీసు కాపలా పెడతారు, ఆలోపే తియ్యాలి. సుకుమార్‌ని జీపులో కుక్కి, సమ్మెట పట్టుకుని బయల్దేరాడు దొరబాబు.

సెంటర్ జనంతో కిటకిటలాడుతోంది.

“రిపేరు! జరగండి!”

మొదటి దెబ్బకి ‘మేము’ ఎగిరిపోయింది. రెండో దెబ్బకి ‘న్యాయం’.

“ఓరి నీ దుంప తెగ, స్తూపం పగలగొడుతున్నాడ్రోయ్!”

ఆటోలు ఆగాయి. ఫోన్లు లేచాయి. అడ్డొచ్చిన పూలమ్మే శ్యామలాంబని దొరబాబు కాలితో తన్నాడు. రాయి ముక్కలైంది. వెనకాల ఉత్త సిమెంటు.

అతనికి పిచ్చెక్కింది. సుకుమార్‌ని జీపులోంచి ఈడ్చి, పీక పట్టుకున్నాడు.

“ఎక్కడ రా? నేను బుల్లియ్యని నరికిన వీడియో ఎక్కడ రా? చెప్పకపోతే నిన్నూ ఇక్కడే నరుకుతాను!”

జనం మీద పడ్డారు. సమ్మెట ఎవరో లాక్కున్నారు. చెప్పులు, పిడిగుద్దులు, కొబ్బరిబోండాలు. పోలీసులొచ్చేసరికి దొరబాబు పగిలిన రాళ్ల మీద బోర్లా పడున్నాడు. కన్ను విప్పలేకపోతున్నాడు. అయినా పక్కనే ఉన్న సుకుమార్ కాలు పట్టుకున్నాడు.

“ఇప్పుడైనా చెప్పరా... వీడియో ఎక్కడ?”

సుకుమార్ తన నోట్లోని నెత్తురు ఉమ్మేశాడు.

“ఆరోజు ర్యాంపులో ఎవరూ తియ్యలేదండి దొరబాబుగారూ, ఇదిగో, ఇప్పుడే తీశారు.”