తలుపు మీద చావు కాగితం

“ఛీ! మళ్లీ అంటించారా!”

ఆసెన్‌కి తలుపు చూడగానే అసహ్యమేసింది. రూసే పట్టణంలో ధాన్యం వర్తకులు కట్టించుకున్న తొంభై ఏళ్ల నాటి అంగడి మేడ అది. దాన్ని రెండేళ్లుగా దగ్గరుండి బాగుచేయిస్తున్న ఆర్కిటెక్టు ఆసెన్. దాని వాకిలి తలుపంటే అతనికి ప్రాణం. నిలువెత్తు ఓక్ చెక్క, దాని నిండా చెక్కిన గోధుమ కంకులు, ద్రాక్ష తీగలు. సరిగ్గా ఆ కంకుల మీదే చావు కాగితం! నల్ల అంచు, ఫోటో, కింద పేరు. పులిసిన మైదా జిగురు కంపు కొడుతూ ద్రాక్ష గుత్తుల మీదికి కారుతోంది.

ఈ ఊళ్లో మనిషి పోతే ఏటా ఆ రోజుకి కాగితం అంటించాల్సిందే. దానికి చెట్టూ లేదు, తలుపూ లేదు. పోయిందెవరో చదివే ఓపిక కూడా లేక, ఆసెన్ ముక్కు మూసుకుని గీకడం మొదలుపెట్టాడు.

ఫోన్ మోగింది. మేడ గోడకు పెట్టబోయే ఇత్తడి పలక చెక్కే గెంచో.

“సార్, మధ్యాహ్నమే ఆవిష్కరణ. మేడ కట్టినాయన పేరు చెక్కేశాను. తలుపు చేసినాయన పేరు ఇస్తానన్నారు?”

“దొరకలేదయ్యా. రెండేళ్లు ఆఫీసుల్లో దుమ్మంతా మింగాను. ‘పేరు తెలియని వడ్రంగి’ అని చెక్కెయ్.”

“చెక్కితే ఇక చెరపలేం.”

“చెక్కెయ్!”

దిగులంతా కాగితం మీద చూపించాడు. పర్రున లాగి, ఉండ చుట్టి చెత్త సంచిలో కొట్టాడు. వేళ్లకు సాగుతున్న బంకను ఆ సంచికే తుడుచుకున్నాడు.

“అయ్యో, చింపేశావా బాబూ!”

వెనక జిగురు డబ్బాతో ఒక ముసలావిడ.

“నీ పనేనా మామ్మా? సిగ్గులేదూ!”

“మా నాన్న పోయి ఇవాళ్టికి నలభై ఏళ్లు. ఏటా ఇక్కడే అంటిస్తా. పోయినేడూ నువ్వే చింపావు.”

“చింపనా మరి? తేరగా దొరికిందని మా తలుపే కనబడిందా? అంత ప్రేముంటే మీ ఇంటి తలుపుకి అంటించుకోవచ్చుగా!”

ముసలావిడ చెక్కిన కంకుల మీది జిగురును తలగుడ్డ కొసతో మెల్లగా తుడిచింది.

“మా ఇంటి తలుపు ఆయన చేసింది కాదుగా బాబూ.”